తాగుడు మానాక రేపటి సంగతి: ఏఏ మీటింగుకు ఎలా వెళ్లాలి

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టని మనిషి, కొండ నుంచి వచ్చి మాల తీసిన రాత్రే సీసా తెరవడం మన ఊళ్లలో అందరూ చూసినదే. పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినవారు, చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పినవారు, రంజాన్ నెలంతా నిష్ఠగా ఉన్నవారు కూడా కొన్నాళ్లకు అదే దుకాణం ముందు కనిపిస్తారు. పట్టుదల లేని మనిషని చుట్టాలు తేల్చేస్తారు. 41 రోజులు ఆగిన మనిషికి పట్టుదల లేదనడం అన్యాయం. మానడం ఆయనకు వచ్చు. మానేశాక సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడికి వెళ్లాలో, ఎవరితో మాట్లాడాలో తెలియదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ భజన ఉంది, తోటి స్వాములు ఉన్నారు, స్వామీ అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునే ఊరు ఉంది. మాల తీయగానే అవన్నీ ఒక్క రోజులో పోయాయి.

సహాయ బృందాల మీటింగులు ఆ లోటు తీర్చడానికే ఉన్నాయి. వాటిలో పేరున్నది, ఒక్క రూపాయి ఫీజు తీసుకోనిది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. ఆ మీటింగును ఎలా వెతుక్కోవాలి, గదిలోకి వెళ్తే ఏం జరుగుతుంది, తర్వాత ఏం చేయాలి అన్నది వరసగా చెబుతాను. మానాలని గట్టిగా అనుకున్నవారికే కాదు, మానాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారికి కూడా ఇది పనికొస్తుంది. ఒక అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి మీటింగు గురించి అందరూ అవసరానికి మించి భయపడతారు. అసలు కష్టం మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఉంటుంది. అందుకని ఏ నిర్ణయమైనా ‘వచ్చే వారం మళ్లీ వెళ్లగలనా’ అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకుని తీసుకోండి.

ఎలా పుట్టింది

1935 మే నెలలో బిల్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్ నగరానికి వెళ్లాడు. వెళ్లిన పని చెడింది. అప్పటికి కొన్ని నెలలుగా ఆయన తాగడం లేదు. హోటల్లో ఒంటరిగా నిలబడితే ఒక వైపు బారులో సందడి, ఇంకో వైపు టెలిఫోను. ఆయన ఫోను దగ్గరికి వెళ్లి, ఊళ్లోని చర్చిల వారికి వరసగా ఫోన్లు చేశాడు. నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలి అని అడిగాడు. అలా కలిసినవాడు డాక్టర్ బాబ్ అనే సర్జన్. పావుగంట కూర్చుని పంపించేద్దామనుకున్న డాక్టరు గంటల తరబడి కదల్లేదు. తాగుడు మానమని ఆయనకు చెప్పినవారు అంతకు ముందు చాలామందే ఉన్నారు. ఎదుట కూర్చుని తన తాగుడు కథ తానే చెప్పుకున్నవాడు మాత్రం ఇతనే. డాక్టర్ బాబ్ ఆఖరుసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశంలో మీటింగులు 1957లో మొదలయ్యాయి.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, బిల్ ఆ ఫోన్లు చేసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదు. ఆ రాత్రి తాను తాగకుండా గట్టెక్కడానికి. ఇప్పటికీ పద్ధతి అదే. మీటింగులో ఎవరైనా మీ పక్కన చేరి గంట మాట్లాడితే, వారి సమయం వృథా చేస్తున్నానని మొహమాటపడవద్దు. కొత్తవారితో మాట్లాడటం వారి సొంత అవసరం.

పనిచేస్తుందా అంటే, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2020లో ఒక సమీక్ష ప్రచురించింది. రోగిని ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స, ఏడాది తర్వాత కూడా పూర్తిగా తాగకుండా ఉండే విషయంలో ఇతర మానసిక చికిత్సల కన్నా మెరుగ్గా ఉందని అందులో తేలింది. అందరికీ పనిచేస్తుందని దాని అర్థం కాదు. ఖర్చు లేకుండా ప్రయత్నించి చూడదగినది అని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

1. ముందు డాక్టరు దగ్గరికి

ఈ మెట్టు దాటవేయవద్దు. చాలా కాలంగా రోజూ తాగుతున్నవారు, ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు వణికి పెగ్గు వేసుకుంటే గానీ కుదుటపడనివారు, ఇంట్లో ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదకరం. చివరి పెగ్గు పడిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. ఇంట్లోవారు గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తేది సరిగ్గా అప్పుడే. మద్యానికి అలవాటుపడిన మెదడు అది అందక చేసే గొడవ అది. ప్రాణం తీయగలదు. 108కి ఫోను చేయండి.

ఆసుపత్రిలో వణుకు తగ్గడానికి, ఫిట్స్ రాకుండా ఉండటానికి కొన్ని రోజుల పాటు మందులిచ్చి నెమ్మదిగా తగ్గిస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షను కూడా ఇస్తారు. నీరసంగా ఉందని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకుని సరిపెట్టుకోవద్దు. బాగా తాగేవారికి బీ1 ఇవ్వకుండా గ్లూకోజు పెడితే మెదడుకు హాని జరిగే అవకాశం ఉంది. జిల్లా కేంద్రాల్లోని పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉందేమో ముందు అడగండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే నవ్వే అలవాటు మనవాళ్లకు సినిమాల నుంచి వచ్చింది. ఆ నవ్వుకు భయపడి ఆగిపోకండి.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. ఏఏకు ఆసుపత్రులు లేవు, డీ-అడిక్షన్ సెంటర్లు లేవు, అది ఏ మందూ అమ్మదు. ఏఏ పేరో, తాగుడు మానడానికి ఏఏ సభ్యులు వరసగా పాటించే పన్నెండు మెట్ల పేరో చెప్పి నెలకు ఇంత అని డబ్బు తీసుకునే ప్రైవేటు కేంద్రాలు వేరు. వాటిలో మంచివీ ఉన్నాయి, మనిషిని గదిలో వేసి తాళం పెట్టేవీ ఉన్నాయి. మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం ప్రకారం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టడానికి వీల్లేదు. కేంద్రంలో చేరే ముందు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి. రోజూ వచ్చే డాక్టరు ఎవరో, ఇంటివారు ఎప్పుడు చూడవచ్చో అడగండి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట చేరవద్దు.

చికిత్స పూర్తయ్యాకే మీటింగుకు వెళ్లాలన్న నియమం లేదు. రెండూ ఒకేసారి నడవవచ్చు.

2. మీటింగు ఎక్కడ ఉందో వెతకడం

ఇంటర్నెట్‌లో ‘ఏఏ ఇండియా జనరల్ సర్వీస్ ఆఫీస్’ అని వెతికితే వారి వెబ్‌సైటు వస్తుంది. మీ ఊరి దగ్గర గ్రూపులున్నాయేమో, ఎవరికి ఫోను చేయాలో అక్కడ చూడవచ్చు. వెతకడం ఇబ్బందైతే మద్యం, మాదకద్రవ్యాలు మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 నంబరుకు ఫోను చేయండి. మనసు బాగోలేక, ఎవరితోనైనా మాట్లాడితే చాలు అనిపిస్తే టెలీ-మానస్ 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మూడో దారి ఆసుపత్రి. మానసిక వైద్య విభాగంలో ఉండే సోషల్ వర్కరును అడగండి. వార్డులోని రోగులతో మాట్లాడటానికి ఏఏ సభ్యులు వచ్చిపోయే ఆసుపత్రులు ఉంటాయి కాబట్టి, వెబ్‌సైటులో కనిపించని కబురు కూడా వారి దగ్గర దొరకవచ్చు.

జాబితాలో గ్రూపు పేరు, వారం, వేళ, చోటు, భాష ఉంటాయి. చర్చి ఆవరణ అని రాసి ఉంటే ఇదేదో మతం మార్చే వ్యవహారమని కంగారుపడకండి. చాలా చోట్ల చర్చివారో, బడివారో గది వాడుకోనిస్తారు. ఏఏకు ఏ మతంతోనూ, పార్టీతోనూ సంబంధం లేదు.

జాబితాలో ‘ఓపెన్’, ‘క్లోజ్డ్’ అన్న మాటలు కూడా కనిపిస్తాయి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు. భార్య, అన్నయ్య, స్నేహితుడు, నర్సింగ్ విద్యార్థి ఎవరైనా సరే. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవారికి, మానాలనుకునేవారికి మాత్రమే. తోడు లేనిదే కదలలేననుకుంటే ఓపెన్ మీటింగు చూసుకోండి.

3. ఫోను చేయడం

జాబితాలు పాతబడతాయి. గది మారుతుంది, వేళ మారుతుంది. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి తాళం వేసిన గేటు ముందు నిలబడితే, ఆ సాయంత్రం కాళ్లు ఎటు తీసుకెళ్తాయో మీకు తెలుసు. కాబట్టి బయల్దేరే ముందే ఫోను చేయాలి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఇంత చాలు:

‘నమస్కారమండీ. ఏఏ మీటింగు గురించి ఫోను చేశాను. నేను రావడం ఇదే మొదటిసారి. ఈ వారం మీటింగు ఉందా? తెలుగులో జరుగుతుందా? గేటు దగ్గరికి వచ్చాక ఎవరిని అడగాలి?’

పేరు చెప్పనక్కర్లేదు. అవతల ఫోను ఎత్తినవారు కూడా ఒకప్పుడు తాగినవారే అయి ఉంటారు. వారికి జీతం లేదు, ఉద్యోగం మధ్యలో మాట్లాడుతూ ఉండవచ్చు. ఎత్తకపోతే ఇంకో నంబరుకు చేయండి. కొన్నిచోట్ల ‘మీరు బస్టాండు దగ్గరే ఉండండి, నేను వచ్చి తీసుకెళ్తాను’ అనేవారు కూడా ఉంటారు. మొహమాటపడకుండా ఒప్పుకోండి.

తాగి ఉన్నప్పుడు ఫోను చేయవచ్చా? చేయవచ్చు. ఆ మత్తులో ఇచ్చిన మాట పొద్దునకు గుర్తుండదు కాబట్టి వేళ, చోటు చీటీ మీద రాసి పెట్టుకోండి.

4. ఏ గ్రూపు ఎంచుకోవాలి

బాగా పేరున్న గ్రూపు ఊరి అవతల ఉంది, రెండు బస్సులు మారాలి. మామూలు గ్రూపు ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది. కళ్లు మూసుకుని రెండోదానికి వెళ్లండి. వానాకాలంలో, జీతం అందిన రోజున, ఇంట్లో గొడవపడిన సాయంత్రం కూడా చేరుకోగలిగినదే మీ గ్రూపు.

భాష సంగతి మాత్రం పట్టించుకోండి. హైదరాబాద్‌లో ఇంగ్లిషులో, హిందీలో, తెలుగులో వేర్వేరుగా మీటింగులు దొరుకుతాయి. ఆఫీసులో ఇంగ్లిషు దంచేవారికి కూడా భార్య నగలు తాకట్టు పెట్టిన సంగతి ఇంగ్లిషులో చెప్పడం రాదు. తిట్టు, ఏడుపు, సిగ్గు ఏ భాషలో వస్తాయో ఆ భాష మీటింగు వెతుక్కోండి.

పేటలో ఎవరైనా చూస్తారన్న భయం ఉంటే మొదట్లో పక్క పేట గ్రూపుకు వెళ్లవచ్చు. అయితే లెక్క ఒకటి గుర్తుంచుకోండి. లోపల మీకు తెలిసినవారు ఎదురైతే, వారు కూడా మీలాగే వచ్చినవారు. దుకాణం ముందు రాత్రి పదింటికి మిమ్మల్ని చూసిన ఊరి జనం సంఖ్యతో పోలిస్తే ఇది ఏపాటిది?

ఆడవారికి ఈ భయం మరీ ఎక్కువ, దానికి కారణమూ ఉంది. మగవాడు తాగితే అలవాటంటారు, ఆడది తాగితే ఇంటి పేరంతా తవ్వుతారు. గదిలో అందరూ మగవారే ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ఫోను చేసినప్పుడే ఆడ సభ్యులు ఉన్నారా అని అడగండి. లేకపోతే ఆన్‌లైన్ మహిళా మీటింగులతో మొదలుపెట్టండి. జూమ్‌లో కెమెరా ఆపుకుని, పేరు మార్చుకుని వినవచ్చు.

5. గదిలో ఏం జరుగుతుంది

పది నిమిషాలు ముందు వెళ్లండి. ఆలస్యంగా వెళ్తే తలుపు తీయగానే అందరూ మీ వైపు తిరుగుతారు, ఆ ఒక్క చూపుకే వెనక్కి వెళ్లిపోయేవారు ఉన్నారు.

చిన్న గది. ప్లాస్టిక్ కుర్చీలు. మేకుకు వేలాడదీసిన గుడ్డ బ్యానరు మీద పన్నెండు మెట్లు, ఇంకోదాని మీద గ్రూపులు ఎలా నడవాలో చెప్పే పన్నెండు సంప్రదాయాలు. బల్ల మీద కొన్ని పుస్తకాలు, ఒక గడియారం. మూల కాగితపు గ్లాసుల్లో టీ. కాస్త పెద్దాయన ఎవరో వచ్చి కొత్తా అని అడుగుతారు. అవునంటే చాలు. హాజరు పట్టీ ఉండదు, ఆధార్ అడగరు, చేరడానికి ఫారం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యత్వానికి ఇంకే అర్హతా అక్కర్లేదు.

మీటింగు గంట నుంచి గంటన్నర. ఛైర్మన్ అని పిలిచే సభ్యుడు ఏఏ అంటే ఏమిటో చెప్పే చిన్న పాఠం చదువుతాడు. ఆ కుర్చీ ఎవరికీ శాశ్వతం కాదు. కొద్దిసేపు మౌనం, తర్వాత ప్రార్థన. మార్చలేనిదాన్ని ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగినదాన్ని మార్చే ధైర్యం, ఆ రెంటికీ తేడా తెలుసుకునే వివేకం ఇవ్వమని అడిగే ఆ ప్రార్థన మీరు ఎక్కడో విని ఉంటారు. తర్వాత షేరింగ్. ఒక్కొక్కరూ తమ పేరు చెప్పి, ఆల్కహాలిక్‌నని చెప్పి మొదలుపెడతారు. అందరూ పలకరిస్తారు. పది నిమిషాలు తన సంగతి చెబుతారు.

కొత్తవారిని ఆశ్చర్యపరిచేది రెండు విషయాలు. ఒకటి, నవ్వు. కూతురి పెళ్లిచూపులకు వచ్చినవారి ముందు పడిపోయిన సంగతి ఒకాయన చెబుతుంటే గదంతా నవ్వుతుంది, ఆయనా నవ్వుతాడు. ఎగతాళి కాదని అర్థం కావడానికి మీకు రెండు మీటింగులు పడుతుంది. రెండోది, ఎవరూ మధ్యలో మాట్లాడకపోవడం. సలహా ఇవ్వరు, తప్పు పట్టరు, ‘అలా చేసి ఉండాల్సింది కాదు’ అనరు. నలుగురు చేరితే పంచాయితీ చేసే మనకు ఇది వింతగానే ఉంటుంది.

మధ్యలో ఒక సంచీ చేతులు మారుతుంది. టీకి, గది అద్దెకు, పుస్తకాలకు సభ్యులు తోచినంత వేస్తారు. బయటివారి దగ్గర విరాళాలు తీసుకోకూడదన్నది వారి సంప్రదాయం. మొదటిసారి వెళ్లినవారు వేయనక్కర్లేదు. సంచీని పక్కవారికి అందించండి, ఎవరూ చూడరు.

6. మీ వంతు వస్తే

‘ఈరోజు వింటాను’ అంటే చాలు. ఎవరూ బలవంతపెట్టరు. పేరు కూడా ఏదో ఒకటి చెప్పవచ్చు. ఆల్కహాలిక్ అన్న మాట నోటికి రాకపోతే అనకండి. ఆ మాట మీకు సరిపోతుందో లేదో మొదటి రోజే తేల్చుకోవాల్సిన పనేమీ లేదు.

మాట్లాడాలనిపిస్తే మీ సంగతే చెప్పండి. భార్య అలాంటిది, బాస్ ఇలాంటివాడు అని మొదలుపెడితే గంటయినా అయిపోదు, మీకు తేలికా కాదు. నిన్న రాత్రి ఏం జరిగిందో చెప్పండి. ఇంకో మాట: అక్కడ విన్నది బయట చెప్పకూడదు. మీరు చూసిన మనిషి పేరు ఇంట్లో కూడా ఎత్తవద్దు. మీ రహస్యం దాగేది కూడా అందరూ ఆ నియమం పాటించడం వల్లే. అయితే ఇది చట్టం ఇచ్చే రక్షణ కాదు, సభ్యుల మధ్య ఉన్న నమ్మకం మాత్రమే. కోర్టు కేసులాంటి వ్యవహారం ఉంటే దాని వివరాలు గదిలో చెప్పకుండా లాయరుతో మాట్లాడుకోండి.

వింటున్నప్పుడు మనసు ఒక ఆట ఆడుతుంది. ‘ఇతను ఇల్లమ్ముకున్నాడు, నేను అమ్ముకోలేదు. ఇతను పొద్దున్నే తాగాడు, నేను సాయంత్రమే తాగుతాను.’ తేడాలు ఏరుకుంటూ కూర్చుంటే గంట తర్వాత ‘నాకింకా అంత దూరం రాలేదు’ అని లేచి వెళ్లిపోతారు. కథలు పోల్చవద్దు. తాగే ముందు అతని మనసులో ఏం జరిగిందో అంతవరకే వినండి.

7. మీటింగు అయ్యాక

మీటింగు ముగిశాక టీ తాగే పది నిమిషాలు అసలు మీటింగంత విలువైనవి. చెప్పులు వేసుకుని పారిపోకండి. ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి. మగవారు మగవారివి, ఆడవారు ఆడవారివి తీసుకోవడం మంచి పద్ధతి. తీసుకున్న నంబరుకు మర్నాడు, తాగాలనిపించకపోయినా ఒకసారి ఫోను చేయండి. అలవాటు లేని నంబరుకు, గొంతు ఎండుతున్న సమయంలో మొదటిసారి ఫోను చేయడం ఎవరి వల్లా కాదు.

తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని పాత సభ్యులు చెబుతారు. వారానికి ఒకే మీటింగు ఉన్న ఊళ్లో అది కుదరదు. వారానికి ఒకసారి గదికి, మిగతా రోజుల్లో ఆన్‌లైన్‌లో వెళ్లండి. కనీసం ఆరు మీటింగులయ్యేదాకా నచ్చింది, నచ్చలేదు అని తీర్పు చెప్పకండి. రెండో వారం విన్న కథలే వినిపిస్తాయి, మూడో వారం విసుగు పుడుతుంది, ‘నాకిప్పుడు బాగానే ఉంది, ఇంకెందుకు’ అన్న మాట మొదలవుతుంది. మానేసేవారు మానేసేది ఇక్కడే. విసుగుతోనే వెళ్లండి. కుర్చీలు సర్దే పనో, టీ పోసే పనో అడిగి తీసుకోండి. పని ఒప్పుకున్న మనిషి వర్షం పడుతున్నా వెళ్తాడు.

కొన్ని వారాలయ్యాక స్పాన్సరును వెతుక్కోవాలి. కొన్నేళ్లుగా తాగకుండా ఉన్న, మెట్ల గుండా మిమ్మల్ని నడిపించగల సభ్యుడు స్పాన్సర్. ఆయన గురువు కాదు, వడ్డీ వ్యాపారి అంతకన్నా కాదు. అప్పు అడిగినా, పెట్టుబడి పెట్టమన్నా, డాక్టరు ఇచ్చిన మందులు మానేయమన్నా వేరే స్పాన్సరును చూసుకోండి. సభ్యులు డాక్టరు వేషం వేయకూడదని ఏఏ ప్రచురణలే చెబుతాయి.

దేవుడి మాట చాలామందిని ఆపుతుంది. మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, దాచడం ఎందుకు? ‘మనం అర్థం చేసుకున్న రీతిలో’ అన్న మాట కూడా అక్కడే ఉంది. వేంకటేశ్వరుణ్ణి తలచుకునేవారు, అల్లాను తలచుకునేవారు, ఏసును తలచుకునేవారు ఒకే వరసలో కూర్చుంటారు. నాస్తికులైన సభ్యులు తమ గ్రూపునే తమకన్నా పెద్ద శక్తిగా లెక్కేసుకుంటారు. అదీ మింగుడుపడకపోతే 1994లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. దేవుడి ప్రసక్తి లేకుండా, ఆలోచనల తీరును మార్చుకునే సాధనాలతో నడుస్తుంది. దాని ఆన్‌లైన్ మీటింగులకు ఇక్కడి నుంచి చేరవచ్చు, ఇంగ్లిషు రావాలి అంతే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువారికి ఒక మాట. అమెరికాలో ‘మీటింగ్ గైడ్’ అన్న ఉచిత యాప్ తెరిస్తే మీ పరిసరాల్లోని ఏఏ మీటింగులు కనిపిస్తాయి. తెలుగు సంఘంలో తెలిసిపోతుందన్న భయం ఉంటే అక్కడి స్థానిక గ్రూపుకు వెళ్లండి, తెలుగులో మాట్లాడాలనిపించిన రోజు ఇండియా సమయానికి జరిగే ఆన్‌లైన్ మీటింగు వెతుక్కోండి. మద్యం మీద కఠినమైన చట్టాలున్న గల్ఫ్ దేశాల్లో ఉంటే ఆన్‌లైన్‌తో మొదలుపెట్టడం క్షేమం.

8. కనుమ, దావత్, దినం

మన క్యాలెండరులో తాగడానికి సాకు దొరకని నెల లేదు. కనుమ, దసరా, బావమరిది పెళ్లి, ఎవరిదో పెద్దకర్మ. మొదటి ఏడాది వీటికి ముందే ఏర్పాటు చేసుకోండి. పెళ్లికి భోజనం వేళకు వెళ్లి, తిని, వచ్చేయండి. మేడ మీద గది వైపు పోకండి. తిరిగి రావడానికి సొంత బండి ఉంచుకోండి, ఇంకొకరి కారులో వెళ్తే వారు లేచేదాకా మీరు కూర్చోవాల్సిందే. ‘ఒక్క పెగ్గేరా, అల్లుడివి, మాట కాదనకు’ అనే మామగారికి ‘లివరు బాగోలేదు, డాక్టరు వద్దన్నారు’ అంటే చాలు. మీ జీవిత చరిత్ర విప్పనక్కర్లేదు.

జారిపడితే, అంటే మళ్లీ తాగితే, దాన్ని సభ్యులు స్లిప్ అంటారు. ఎన్ని నెలలు నిలబడ్డారో ఆ లెక్క పోయిందన్న సిగ్గుతో మీటింగు మానేస్తారు కొందరు. అది స్లిప్ కన్నా పెద్ద ప్రమాదం. గదిలో మిమ్మల్ని ఎవరూ బోనెక్కించరు. ఆ రాత్రే స్పాన్సరుకు చెప్పండి, వచ్చే మీటింగులో చెయ్యెత్తి చెప్పండి. మళ్లీ కొన్ని రోజుల పాటు వరసగా తాగి ఉంటే, ఆపే ముందు మళ్లీ డాక్టరును కలవాలి.

9. ఇంట్లోవారికి

ఆయనను మీటింగుకు తీసుకెళ్లడం మీ చేతిలో లేకపోవచ్చు, మీరు వెళ్లడం మీ చేతిలో ఉంది. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ గ్రూపులు వేరుగా ఉన్నాయి. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లవచ్చు. సీసాలు వెతకడం, జేబులు తడమడం, ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, ఇవన్నీ చేసి అలసిపోయినవారే అక్కడ ఉంటారు. కొట్టడం, చంపుతానని బెదిరించడం ఉంటే మాత్రం మీటింగు కోసం ఆగవద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి, అత్యవసరమైతే 112కి ఫోను చేయండి.

పేపర్లలో, గోడల మీద ‘రోగికి తెలియకుండా తాగుడు మాన్పించండి’ అన్న ప్రకటనలు చూస్తూనే ఉంటారు. సాంబారులోనో కాఫీలోనో పొడి కలిపితే చాలంటారు. ఆ పొడిలో ఏముందో మీకు తెలియదు. డైసల్ఫిరామ్ మాత్ర తెచ్చి పొడిచేసి కలిపే ఇళ్లు కూడా ఉన్నాయి. అది డాక్టరు పర్యవేక్షణలో, వేసుకునే మనిషి ఒప్పుకుని, మద్యం తాగితే ఏమవుతుందో తెలిసి వేసుకోవాల్సిన మందు. తెలియకుండా లోపలికి వెళ్లి, పైన మద్యం పడితే ముఖం ఎర్రబారి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండవచ్చు. మీరు ఇప్పటికే కలుపుతూ ఉంటే ఇవాళే ఆపండి, డాక్టరుకు చెప్పండి, గొడవైనా సరే ఆయనకూ చెప్పండి.